చివరి మెట్టు దగ్గర ఆపేస్తున్న ఫీజులు

(ఏప్రిల్ 14న మా మండలంలోని ఒక పేటలో అంబేద్కర్ విగ్రహం దగ్గర జరిగిన సభలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన మాటల్నే కొద్దిగా సర్ది అచ్చువేస్తున్నాం.)

పేట పెద్దలకు, అక్కలకు, అన్నలకు, నా ముందు నేలమీద కూచున్న గుంటలకు, గుంటలకు వెనకాల నిలబడి ఫోన్లు చూస్తున్న కుర్రాళ్ళకు, అందరికీ జై భీమ్.

పొద్దుటినుంచి బాబాసాహెబ్‌కి దండలు వేశాం. పాటలు పాడుకున్నాం. నా ముందు మాట్లాడినవాళ్ళు రాజ్యాంగం గురించి మంచి మాటలు చెప్పారు. నేను లెక్కల టీచర్ని. అందుకని నేనొక లెక్క చెబుతాను. ఎండెక్కక ముందే ముగిస్తాను.

ముందు ఒక ప్రశ్న. ఈ పందిట్లో డిగ్రీలో చేరి, ఓపెన్ యూనివర్సిటీ గానీ కరస్పాండెన్సు గానీ ఇప్పుడొచ్చిన ఆన్‌లైన్ గానీ, ఒక ఏడో రెండేళ్ళో చదివి ఆపేసినవాళ్ళు చెయ్యెత్తండి. సిగ్గుపడొద్దు. నేను కూడా ఎత్తుతున్నాను, చూడండి.

చూశారా ఎన్ని చేతులు లేచాయో. ఇప్పుడు రెండో ప్రశ్న. చదువు బుర్రకెక్కక ఆపేసినవాళ్ళు మాత్రం చేతులు ఉంచి, మిగతావాళ్ళు దించండి.

దాదాపు అందరూ దించేశారు. మన గుంటలకి చదువు రాదని ఊళ్ళో పెద్దలు అంటారే, దానికి జవాబు ఈ దిగిన చేతులే. మనల్ని ఆపింది చదువు కాదు. ఫీజు. అదీ చేరేటప్పుడు కట్టే ఫీజు కాదు. చేరేటప్పుడు ఇంటిల్లిపాదీ కూడబెట్టి ఎలాగో కట్టేస్తాం. మనల్ని ఆపింది ముగించేటప్పుడు కట్టే ఫీజు. పరీక్ష ఫీజు, లేటు ఫీజు, తప్పిన పేపరు ఫీజు, మళ్ళీ చేరే ఫీజు, సర్టిఫికెట్టు ఫీజు. పంట పండించి, కోత కూలి లేక చేలోనే వదిలేసినట్టు వదిలేస్తున్నాం.

నా సంగతి చెబుతాను. మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది. జీడి రసం చేతుల్ని ఎలా కాల్చేస్తుందో ఇక్కడున్న అక్కలకి వేరే చెప్పక్కర్లేదు. నేను 1998లో ఇంటర్ పాసయ్యాను. మా వంశంలో ఇంటర్ దాకా వచ్చింది నేనే మొదలు. ఆ వెంటనే పెళ్ళి చేసేశారు. 2001లో దూరవిద్యలో డిగ్రీలో చేరాను. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, పేరు చెప్పను. రెండేళ్ళు పాసయ్యాను. మూడో ఏడు పరీక్ష ఫీజు కట్టాల్సిన నెలలో మా చిన్నదానికి జ్వరమొచ్చింది. ఫీజుకి దాచిన డబ్బు ఆసుపత్రికి పోయింది. నాకు తక్కువైంది 240 రూపాయలు. అమ్మనడిగితే, "ఓలమ్మా, మొన్నే కదే కట్టినావు, మల్లీ డబ్బులేటే?" అంది. ఆవిడ తప్పు కాదు. చదువుకి ఇన్నిసార్లు డబ్బు కట్టాలని ఆవిడకి ఎవరు చెప్పారు? నాకే ఎవరూ చెప్పలేదు.

గడువు దాటింది. తర్వాత లేటు ఫీజుతో కట్టొచ్చన్నారు, అది నా వల్ల కాలేదు. మరుసటేడు వెళితే ఇంకో కాగితం కావాలన్నారు. ఆ కాగితం తెచ్చేసరికి గడువు మళ్ళీ అయిపోయింది. మూడోసారి వెళితే "నీ రిజిస్ట్రేషన్ కాలం అయిపోయిందమ్మా, మళ్ళీ చేరాలి" అన్నారు. బస్సు చార్జీలు, పోయిన కూలి రోజులు వేరే. ఆఖరికి 2009లో డిగ్రీ చేతికొచ్చింది. 2004లో అవ్వాల్సింది 2009లో అయింది. ఈ లోపు 2006లో ఒక డీఎస్సీ, 2008లో ఒక డీఎస్సీ వెళ్ళిపోయాయి. బీఈడీ చేసి 2012 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఇదీ నేను చెప్పొచ్చిన లెక్క. 240 రూపాయలు లేకపోతే పోయింది 240 రూపాయలు కాదు. 5 ఏళ్ళు పోయాయి. ఒక టీచరు 5 ఏళ్ళ జీతం ఎంతో మీరే గుణించుకోండి. పేదవాడి దగ్గర చిన్న మొత్తం తక్కువైతే, అతను పోగొట్టుకునేది పెద్ద మొత్తం. ఉన్నవాళ్ళకి లేటు ఫీజు అంటే జరిమానా. మనకి లేటు ఫీజు అంటే తలుపు మూసెయ్యడం.

బాబాసాహెబ్‌కీ ఇదే కష్టం

ఇది మన ఒక్కళ్ళ కష్టమే అనుకోకండి. ఈ విగ్రహంలో ఉన్నాయన కోటు వేసుకుని, పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు కదా, ఆ కోటు వెనకాల ఉన్న ఫీజుల కథ మనం పిల్లలకి చెప్పడం లేదు.

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళాడు. ఆ డబ్బు ఊరికే ఇచ్చింది కాదు, చదువయ్యాక బరోడా సంస్థానంలో పదేళ్ళు ఉద్యోగం చెయ్యాలని షరతు. అక్కణ్ణుంచి 1916లో లండన్ వెళ్ళి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరాడు. 1917లో స్కాలర్‌షిప్పు గడువు అయిపోయింది. చదువు సగంలో ఉంది. ఆయన ఏం చేశాడు? ఏడుస్తూ వచ్చెయ్యలేదు. నాలుగేళ్ళలోపు తిరిగొచ్చి ముగిస్తానని యూనివర్సిటీ దగ్గర అనుమతి తీసుకుని మరీ వచ్చాడు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

వచ్చాక బరోడాలో ఉద్యోగానికెళితే ఉండటానికి ఇల్లివ్వలేదు. ఆఫీసులో నౌకర్లు కూడా ఫైళ్ళు దూరంనుంచి విసిరేవారు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు ఉద్యోగం వచ్చింది. జీతంలో పొదుపు చేశాడు. కొల్హాపూర్ శాహూ మహరాజు సాయం చేశాడు. నావల్ భతేనా అనే పార్సీ స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నాడు. 1920లో మళ్ళీ లండన్ వెళ్ళాడు. 1921లో ఎంఎస్సీ, 1923లో డీఎస్సీ పూర్తి చేశాడు. అంటే డాక్టర్ అంబేద్కర్ కూడా మధ్యలో ఆగిపోయి, పొదుపు, సాయం, అప్పు మూడూ కలిపి, గడువు లోపల తిరిగెళ్ళి డిగ్రీ ముగించినవాడే. చెయ్యెత్తమంటే ఆయన కూడా ఎత్తేవాడు.

తను పడ్డ కష్టం తర్వాతవాళ్ళు పడకూడదనుకున్నాడు. 1942లో వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడుగా ఉన్నప్పుడు షెడ్యూల్డు కులాల చదువు కోసం గట్టిగా అడిగి 3 లక్షల రూపాయలు మంజూరు చేయించాడు. మన పిల్లలు ఇవాళ తీసుకుంటున్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది, దాని వేరు అక్కడుంది. 1946లో ఆయన బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు తరగతులు తెల్లవారగానే నడిపించాడు. ఎందుకు? పొద్దున్న చదువుకుని తర్వాత ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళ కోసం. పని చేసుకుంటూ చదివేవాళ్ళకీ చదువు హక్కు ఉందని ఆయన అప్పుడే గుర్తించాడు.

పనిచేస్తూ చదివేవాడికి ఏముంది?

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మన తెలుగు గడ్డమీదే పుట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ హైదరాబాదులో పెట్టారు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ, మనం ఇగ్నో అంటామే, అది వచ్చింది. దానికి మన విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. రెంటికీ మొదటి వైస్ ఛాన్సలరు మన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారే. వాటికంటే ముందే, 1972లో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ కరస్పాండెన్సు కోర్సులు మొదలెట్టింది.

ఇక్కడ ఒక తికమక ఉంది, పిల్లలు జాగ్రత్తగా వినాలి. 2008లో మన శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో వచ్చింది కూడా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీయే. అది కాలేజీకి వెళ్ళి చదివే యూనివర్సిటీ. హైదరాబాదుది ఓపెన్ యూనివర్సిటీ. 2014లో రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణలో ఉండిపోయింది. ఒకదాని ఫీజు చలానా ఇంకోదానికి కట్టి తిరిగినవాళ్ళని నేను చూశాను. పేరు మాత్రమే కాదు, ఊరు కూడా చూసుకోండి.

సరే, ఈ దూరవిద్యలో చదివేదెవరు? పగలు జీడి ఫ్యాక్టరీలో, జూట్ మిల్లులో, విశాఖ మందుల కంపెనీల్లో పనిచేసి రాత్రి పుస్తకం తెరిచేవాళ్ళు. పెళ్ళయి చదువాగిన ఆడపిల్లలు. చెన్నైకి, హైదరాబాదుకి వలసెళ్ళినవాళ్ళు. అంటే మన పేటలే. మరి వీళ్ళకి ప్రభుత్వం ఏమిచ్చింది?

రెగ్యులర్ కాలేజీలో చదివేవాళ్ళకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది. అది కూడా పోరాడితేనే వస్తోంది, సమయానికి రావడం లేదు, అది వేరే సభకి విషయం. 2020 ఫిబ్రవరి 24న మన విజయనగరంలోనే జగనన్న వసతి దీవెన ప్రారంభించారు, మీలో చాలామంది ఆ సభకి వెళ్ళారు. దానికి ముందు 2019 నవంబరులో వచ్చిన ఉత్తర్వులు నేను చదివాను. కరస్పాండెన్సు, దూరవిద్య పద్ధతిలో చదివేవాళ్ళు ఫీజు పథకానికి అర్హులు కారని అందులో రాశారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు మారాయి. అందుకని ఏ ఏడుకా ఏడు సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకెళ్ళి "దూరవిద్యలో చదివే ఎస్సీ విద్యార్థికి ఏముంది?" అని కాగితం మీద అడగండి, జవాబు కాగితం మీదే తీసుకోండి. నోటిమాటకి విలువ లేదు.

కేంద్రం సంగతీ చూడండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో కేంద్రం వాటా దాదాపు ఎండిపోయిన రోజులున్నాయి. దేశమంతా గొడవ చేశాక 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఐదేళ్ళకి 59,048 కోట్ల రూపాయల పథకం ఒప్పుకుంది. కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 40 పాళ్ళు. తల్లిదండ్రుల ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షల 50 వేలు. అడిగితే వచ్చింది. అడక్కపోతే అదీ రాదు.

పగలు పనిచేసేవాడు పనిచేస్తున్నాడు కాబట్టి డబ్బున్నవాడనుకోవడం ఎక్కడి న్యాయం? పేదవాడు కాబట్టే పనిచేస్తున్నాడు. పనిచేస్తున్నాడు కాబట్టే దూరవిద్యలో చదువుతున్నాడు. దూరవిద్యలో చదువుతున్నాడు కాబట్టి ఫీజు ఇవ్వరట. ఈ గుండ్రంలో మనవాణ్ణి తిప్పుతున్నారు.

మాఫీ వేరు, డిస్కౌంటు వేరు

ఫీజు తగ్గించడంలో నాలుగు రకాలున్నాయి. నాలుగూ ఒకటే అనుకుని మనవాళ్ళు మోసపోతున్నారు.

మొదటిది మాఫీ. అంటే అసలు కట్టక్కర్లేదు. ఇగ్నోలో కొన్ని కోర్సులకి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి ప్రోగ్రాం ఫీజు మాఫీ ఇస్తూ వచ్చారు. ఏ కోర్సులకి అన్నది ఆ దఫా ప్రాస్పెక్టస్‌లో ఉంటుంది. ఒకసారికి ఒక్క కోర్సుకే. రెండు దరఖాస్తులు పెడితే రెండూ పోతాయి. దరఖాస్తు నింపేటప్పుడే మాఫీ కావాలని టిక్కు పెట్టాలి, కుల ధ్రువీకరణ పత్రం అప్పుడే ఎక్కించాలి. ముందు డబ్బు కట్టేసి తర్వాత మాఫీ అడిగితే ఎవరూ వినరు. ఇంకో మాట. ప్రోగ్రాం ఫీజు మాఫీ అయినా పరీక్ష ఫీజు మాఫీ కాదు. ప్రతి పేపరుకీ వేరే కట్టాలి. "మాకు ఫ్రీ కదా" అనుకుని పరీక్ష ఫీజు కట్టక ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

రెండోది రీయింబర్స్‌మెంటు. ముందు ఎవరో కట్టాలి, తర్వాత తిరిగొస్తుంది. దీనికి రసీదు ప్రాణం. రసీదు లేనిదే రూపాయి రాదు. బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిసుండాలి.

మూడోది స్కాలర్‌షిప్పు. అది తిండికీ పుస్తకాలకీ. దాన్ని ఫీజులో లెక్కేసుకుంటే రెండూ చాలవు.

నాలుగోది డిస్కౌంటు. ఇది కొట్లో సరుకు మీద ఇచ్చేది. ఇప్పుడు పట్టణాల్లో కన్సల్టెన్సీలు బోర్డులు పెట్టాయి. ఫోను చేసి "అన్నా, ఆన్‌లైన్ డిగ్రీ, ఈ సాయంత్రం లోపు కడితే 20 శాతం తగ్గింపు" అంటున్నారు. మా బంధువుల కుర్రాడొకడికి ఇలాగే అయింది. మూడేళ్ళ ఫీజూ ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు. "నా దగ్గర లేదు" అంటే "ఫర్లేదు, నెలనెలా కట్టు, వడ్డీ లేదు" అని ఫోన్లో ఏవో నొక్కించారు. వాడికి తెలియకుండానే ఒక ఫైనాన్సు కంపెనీలో వాడి పేరున అప్పు తయారయింది. ఆరు నెలల తర్వాత వాడు చదువు మానేశాడు. అప్పు మానలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

అందుకే చెబుతున్నాను. మాఫీ మన హక్కు. డిస్కౌంటు అమ్మేవాడి అవసరం. హక్కుకి సాయంత్రం లోపల గడువుండదు. సాయంత్రం లోపు కట్టమన్నాడంటే రేపు పొద్దున్న నువ్వు ఎవర్నైనా అడిగి తెలుసుకుంటావని వాడి భయం.

యూజీసీ 2018లోనే చెప్పింది: ఏ సెమిస్టరు లేదా ఏ ఏడు చదువుతున్నారో దాని ఫీజే ముందుగా తీసుకోవాలి, కోర్సు మొత్తానికి ముందే వసూలు చెయ్యకూడదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఉంచకూడదు. 2020 నాటి దూరవిద్య, ఆన్‌లైన్ నిబంధనల్లో యూనివర్సిటీలు ఇంకొకరికి ఫ్రాంచైజీ ఇవ్వకూడదని ఉంది. అంటే సందులో ఉన్న కన్సల్టెన్సీ "మేమే యూనివర్సిటీ" అంటే అబద్ధం. ఇంజనీరింగు, నర్సింగు, లా లాంటివి దూరవిద్యలో ఇవ్వకూడదు. ఎవరైనా ఇస్తామంటే ఆ వీధిలోంచే వెనక్కొచ్చెయ్యండి. కేంద్ర విద్యాశాఖ కూడా 2021 డిసెంబరులో ఆన్‌లైన్ చదువుల కంపెనీల గురించి హెచ్చరించింది. తెలియకుండా అప్పు పత్రాల మీద సంతకం పెట్టొద్దని, ఖాతాలోంచి డబ్బు తనంత తనే కోసుకునే ఏర్పాటుకి ఒప్పుకోవద్దని చెప్పింది. మోసపోతే 1915 నంబరుకి ఫోను చెయ్యండి, అది వినియోగదారుల హెల్ప్‌లైను.

అలాగని ఆన్‌లైన్ చదువు చెడ్డదని కాదు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ దూరవిద్యలో, ఆన్‌లైన్లో ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. ఎవరైనా "నీది కరస్పాండెన్సు డిగ్రీ" అని తక్కువగా మాట్లాడితే ఆ మాట వాళ్ళ మొహాన చెప్పండి. చేరే ముందు మాత్రం ఆ కోర్సుకి ఆ ఏడు యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉందో లేదో చూడండి. 2024 నుంచి చేరేవాళ్ళు ఆ బ్యూరో దగ్గర డెబ్ ఐడీ తీసుకోవాలి. ఆ ఐడీకి డబ్బు కట్టక్కర్లేదు. ఐడీ తీయిస్తానని ఎవరైనా వందలు అడిగితే ఇవ్వకండి.

ఆగినవాళ్ళు మళ్ళీ ఎలా మొదలెట్టాలి?

ఇందాక చేతులెత్తినవాళ్ళకి ఇది. బాబాసాహెబ్ లండన్ వదిలేటప్పుడు ఏం చేశాడన్నాను? గడువు అడిగి తీసుకున్నాడు. మనం ఏం చేస్తున్నాం? సిగ్గుపడి చెప్పకుండా మానేస్తున్నాం. అదే తేడా.

ప్రతి డిగ్రీకీ కనీస కాలం, గరిష్ఠ కాలం అని రెండుంటాయి. ఇగ్నోలో మూడేళ్ళ డిగ్రీకి గరిష్ఠం ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళు దాటినా అన్నీ పోయినట్టు కాదు. మళ్ళీ చేర్చుకునే పద్ధతి ఉంది, మిగిలిపోయిన పేపర్ల వరకే లెక్కగట్టి ఫీజు తీసుకుంటారు. పాసయిన పేపర్లు పాసయినట్టే. మనవాళ్ళు ఏం చేస్తున్నారు? మొదటినుంచి చేరాలేమోనని భయపడి అసలు అడగడమే లేదు, లేకపోతే కొత్తగా ఇంకో చోట చేరి రెండోసారి మొత్తం కడుతున్నారు. ముందు పాత చోటికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి. నా గడువు ఎప్పటివరకు? నాకు ఎన్ని పేపర్లు మిగిలాయి? వాటికి మొత్తం ఎంత కట్టాలి?

2021 నుంచి క్రెడిట్ల బ్యాంకు అని ఒకటి వచ్చింది. డబ్బు బ్యాంకులో దాచినట్టు, పాసయిన చదువు దాంట్లో దాచుకోవచ్చు. ఏడేళ్ళ వరకు చెల్లుతుంది. మీ యూనివర్సిటీ అందులో ఉంటే ఆ ఐడీ తప్పకుండా చేయించుకోండి. మధ్యలో ఆగినా చదివింది నీళ్ళపాలు కాదు.

ప్రభుత్వ యూనివర్సిటీ జవాబు చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 చట్టం. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళు దరఖాస్తుకి రుసుం కూడా కట్టక్కర్లేదు, రుజువు జత చేస్తే చాలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఇప్పుడు చదువుతున్నవాళ్ళకి ఒక పని చెబుతాను. ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో చేరిన రోజు ఫీజు రాయకండి. చివరి రోజు దాకా కట్టాల్సినవన్నీ రాయండి. రిజిస్ట్రేషను. ప్రతి ఏడు ఫీజు. ప్రతి పేపరుకీ పరీక్ష ఫీజు. ఒకటి రెండు పేపర్లు తప్పుతాయనుకుని వాటి ఫీజు కూడా. పరీక్ష కేంద్రానికి బస్సు చార్జీ. ఆ రోజులకి పోయే కూలి. ఆన్‌లైన్ అయితే ఫోను రీచార్జి. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు, మార్కుల జాబితా, ఒరిజినల్ డిగ్రీ, పై చదువుకైతే మైగ్రేషన్. వీటన్నిటినీ కూడి నెలలతో భాగించండి. అప్పుడు నెలకి ఎంత పక్కన పెట్టాలో తెలుస్తుంది. ఒకేసారి మీద పడితే కొండ, నెలనెలా అయితే గంప.

రెండో పేజీలో తారీకులు. ఇగ్నో పరీక్షలు జూన్లో, డిసెంబరులో ఉంటాయి, ఫీజు గడువు దానికి చాలా ముందే వస్తుంది. ఊడ్పులకి, కోతలకి, వలస వెళ్ళే రోజులకి ఆ తారీకులు అడ్డమొస్తాయేమో ముందే చూసుకోండి. చేతిలో డబ్బుండే కోతల రోజుల్లోనే పరీక్ష ఫీజు పక్కన పెట్టెయ్యండి.

పాసయ్యాక కూడా పని మిగిలే ఉంది. డిగ్రీ పాసయి సర్టిఫికెట్టు తెచ్చుకోనివాళ్ళు మన పేటల్లో ఉన్నారు. ఫీజు కట్టాలని మానేశారు. ఉద్యోగం నోటిఫికేషను వచ్చాక పరుగెడతారు, అప్పటికి గడువు దాటుతుంది. పాసయిన నెలలోనే ప్రొవిజనల్ తెచ్చుకోండి. డిజిలాకర్లో ఉన్న డిగ్రీ పత్రం కూడా చెల్లుతుందని యూజీసీ చెప్పింది. అయినా చేతిలో కాగితం ఉంచుకోండి. మన తాతల భూములు కాగితం లేకే పోయాయి.

ఒక్కడు మొయ్యలేనిది పేట మొయ్యగలదు

నోటుపుస్తకం రాసుకుంటే అందరి కష్టం తీరదు. ఆ 240 రూపాయలు ఆ రోజు నాకు నోటుపుస్తకంలో దొరకవు. మనిషి దగ్గరే దొరకాలి. అందుకని నేను ఈ సభ ముందు ఒక మాట పెడుతున్నాను.

అమ్మోరి పండగకి ఇంటింటికీ చందా వేస్తాం. ఎవరూ కాదనరు. జయంతికి మైకుకీ టెంటుకీ చందా వేస్తాం. ఆ చందాలో కొంత తీసి పరీక్ష ఫీజు నిధి అని ఒకటి పెడదాం. ఇది ఉచితంగా ఇచ్చేది కాదు, చేబదులు. గడువు రోజున డబ్బు లేనివాళ్ళ ఫీజు ఆ నిధిలోంచి కట్టాలి. వాళ్ళు కోతలయ్యాక తిరిగివ్వాలి. వడ్డీ లేదు. లెక్క ఇద్దరు ఆడవాళ్ళ దగ్గరుండాలి, నెలకోసారి ఈ విగ్రహం దగ్గరే చదివి వినిపించాలి. పార్టీ నాయకుల చేతికి ఇవ్వకూడదు. పొదుపు సంఘాలు నడిపిన అక్కలకి ఇది ఎలా నడపాలో నేను చెప్పక్కర్లేదు, మీరే నాకు చెప్పాలి. ఉద్యోగాలొచ్చి పేట వదిలి పట్టణాల్లో ఉన్నవాళ్ళు, నాతో సహా, ఏడాదికి ఒక రోజు జీతం ఇందులో వెయ్యాలి. ఈ ఏడు నా రోజు జీతం నేను ఇప్పుడే ఇచ్చేస్తున్నాను.

నిధి పెట్టామని ప్రభుత్వాన్ని వదిలెయ్యొద్దు. మనం ఒకరికొకరం చేబదులిచ్చుకోవడం మన మంచితనం. ఫీజు ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. మంచితనం చూపించి బాధ్యత ఎగ్గొడితే ఒప్పుకోం. మనం అడగాల్సినవి ఇవి:

దూరవిద్యలో, ఆన్‌లైన్లో ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదివే ఎస్సీ, ఎస్టీలకి ఫీజు పథకం వర్తింపజెయ్యాలి.

పరీక్ష ఫీజు, సర్టిఫికెట్ల ఫీజు కూడా మాఫీలో చేర్చాలి.

డబ్బు లేక గడువు దాటినవాళ్ళకి లేటు ఫీజు రద్దు చెయ్యాలి.

మన్యంలో, పల్లెల్లో సిగ్నలు లేని చోట్ల ఆన్‌లైన్ చదివేవాళ్ళకి ప్రభుత్వ హైస్కూళ్ళలో సాయంత్రం కంప్యూటర్లు తెరిచి ఉంచాలి. నా స్కూలు తాళం నేను తీస్తాను.

ఫీజుల వివరాలు తెలుగులో అచ్చువేసి సచివాలయాల్లో అతికించాలి.

ఈ ఐదూ రాసిన కాగితం ఇక్కడే ఉంది. సభ అయ్యాక సంతకాలు పెట్టండి. సంతకం రాని అమ్మలు వేలిముద్ర వెయ్యండి. సిగ్గు మీది కాదు, మీకు బడి మూసినవాళ్ళది.

ఆఖరి మాట. మా అమ్మ పోయి మూడేళ్ళయింది. నాకు డిగ్రీ వచ్చిన రోజున ఆ కాగితం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చేతులు తుడుచుకుని పట్టుకుంది, జీడి మచ్చలు అంటుతాయేమోనని భయం. తిప్పి తిప్పి చూసి, "ఇందాకటేనా ఇంకా కట్టాలా?" అని అడిగింది. నేను నవ్వాను. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చి ఏడ్చాను. చదువు ఎంత గొప్పదో ఆవిడకి తెలుసు. దానికి ఎన్నిసార్లు కట్టాలో మాత్రం ఎప్పటికీ తెలియలేదు.

ఇక్కడ కూచున్న ఏ అమ్మా ఆ ప్రశ్న మళ్ళీ అడగకూడదు. ఇందాక ఎత్తిన చేతులు గుర్తున్నాయి నాకు. వచ్చే ఏప్రిల్ 14న మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతాను. ఆ చేతుల్లో మార్కుల కాగితాలుండాలి.

జై భీమ్.